ట్రంక్ కాల్: ఈ నెల అన్నీ స్పెయిన్ లైన్లే

పోయిన నెల ఈ పేజీ చివర్లో ఒక్క మాట రాశాను. కొబ్బరి దింపు తీసే మనిషి ఆ వారం రాలేదు, చేతిలో పని లేక స్పెయిన్ వాళ్ల పాతకాలపు సీరియల్ ఒకటి మొదలుపెట్టాను, అది అయిపోయి రెండోదానికి వెళ్లేసరికి నటులంతా మొదటిదాంట్లో చూసినవాళ్లే కనిపించారు అని. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని ఎడిటరుగారూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఇంతమంది రాత్రిళ్లు మాడ్రిడ్‌లో తిరుగుతున్నారని ఎవరికి తెలుసు! అత్తాకోడళ్ల తగవులూ బదిలీల బెంగలూ వచ్చే నెలకి వాయిదా వేశాను. వాళ్లు కోప్పడకండేం.

ప్రశ్న: అత్తయ్యగారూ, 'గ్రాండ్ హోటల్'లో మేనేజరు దియేగో, 'మనీ హైస్ట్'లో దొంగ బెర్లిన్ ఇద్దరూ ఒక్కరేనని నేనంటాను. కానే కాదని మా అన్నయ్య. పందెం ఆత్రేయపురం పూతరేకులు, పెద్ద డబ్బా. తీర్పు మీదే.
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: డబ్బా నీదేనమ్మా. రెండు చోట్లా ఉన్నది పెద్రో అలొన్సో. 'గ్రాండ్ హోటల్' స్పెయిన్ టీవీలో 2011 నుంచి 2013 దాకా వచ్చింది. 'మనీ హైస్ట్' 2017లో మొదలైంది. అంటే ప్రపంచమంతా బెర్లిన్, బెర్లిన్ అని వెంటపడక ముందే ఆయన హోటల్లో తాళాలగుత్తి పట్టుకుని అందరినీ హడలగొట్టేశాడు. మీ అన్నయ్యని మరీ ఏడిపించకు. 'మనీ హైస్ట్'ని తెలుగు డబ్బింగ్‌లో చూసుంటాడు, అక్కడ బెర్లిన్ నోట్లోంచి వచ్చేది మనవాడి గొంతు. రెండింటినీ స్పానిష్‌లోనే పెట్టి, అబ్బాయిని కళ్లు మూసుకోమను. కోపమొస్తే అందరూ గొంతు పెంచుతారు. ఈయన తగ్గిస్తాడు. బెదిరించే మాట దాదాపు గుసగుసలా వస్తుంది, అదే ఇద్దరికీ పోలిక.

ఆ దోపిడీ ముఠాలో చరిత్రలోకి వెళ్లి దాక్కున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ప్రొఫెసర్ వేషం వేసిన అల్వారో మోర్తే అంతకు ముందు 'పుయెంతే వియెహో' అనే రోజువారీ సీరియల్లో ఉన్నాడు. తర్వాత 2022లో వచ్చిన 'బౌండ్‌లెస్'లో ఎల్కానో అయ్యాడు. మెగలాన్ దారిలో చనిపోతే మిగిలిన ఓడని 1522లో స్పెయిన్‌కి తిరిగి చేర్చిన నావికుడు ఆ ఎల్కానో. డెన్వర్‌గా పకపకా నవ్విన హైమే లొరెంతే పాతకాలపు వీరుడి కథ 'ఎల్ సిద్'లో కత్తి పట్టాడు. ఈ రెండింటి మీదా మళ్లీ పందెం కాయి, ఇంకో డబ్బా వస్తుంది.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. బ్యాంకులో క్యాషియరుగా పనిచేసి రిటైరయ్యాను. నోట్లు లెక్కపెట్టిన కళ్లు నావి, ముఖం ఒకసారి చూస్తే మర్చిపోను. 'గ్రాండ్ హోటల్', 'వెల్వెట్', 'కేబుల్ గర్ల్స్', 'హై సీస్' నాలుగూ చూశాను. తిప్పి తిప్పి వాళ్లే. స్పెయిన్‌లో నటులకి అంత కరువా?
– రావులపాలెం

జవాబు: కరువు కాదండి, మీరు చూసిన నాలుగూ ఒకే వంటింట్లోంచి వచ్చాయి. బాంబూ అనే నిర్మాణ సంస్థ. రామోన్ కాంపోస్, తెరేసా ఫెర్నాండెస్ వాల్దెస్ అని ఇద్దరు నడుపుతారు. 2011లో హోటల్ తెరిచారు, 2014లో 'వెల్వెట్' అనే బట్టల కొట్టు పెట్టారు, 2017లో టెలిఫోన్ ఎక్స్ఛేంజ్, 2019లో ఓడ. యజమాని ఒక్కడే అయినప్పుడు పనివాళ్లు ఒక కొట్టులోంచి ఇంకో కొట్టులోకి మారుతూ ఉంటారు కదా.

మీరు ముఖాలు పట్టుకున్నారు సరే, వాళ్లకిచ్చిన వేషాలు ఎలా తిరగేశారో గమనించారా? నాకు అక్కడే సరదా. కోంచా వెలాస్కోగారిని చూడండి. 'గ్రాండ్ హోటల్'లో ఆవిడ దోన్యా ఆంహెలా. పనివాళ్ల మీద పెత్తనం చేసే పెద్దావిడ, నడుముకి తాళాలు, కడుపులో పుట్టెడు రహస్యాలు, యజమానురాలి ముందు మాత్రం తల వంచాల్సిందే. ఆ యజమానురాలు దోన్యా తెరేసాగా అద్రియానా ఒసోరెస్. ఇక 'కేబుల్ గర్ల్స్'కి వచ్చేసరికి కోంచాగారు కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. హీరోల్లో ఒకడైన కార్లోస్ తల్లి దోన్యా కార్మెన్ అండి ఆవిడ, డబ్బూ దర్పమూ దుర్మార్గమూ అన్నీ కలిపి. హోటల్లో అన్నాళ్లు వంచిన తలకి వడ్డీతో సహా వసూలు చేసుకున్నట్టు చేసింది. 2023 డిసెంబర్‌లో ఎనభై నాలుగేళ్ల వయసులో పోయారు. అరవైల్లో ఆటాపాటా సినిమాలతో స్పెయిన్‌ని ఊపేసిన మనిషట. చివరి వేషాల్లో కూడా ఆవిడ గదిలోకి వస్తే పక్కనున్న కుర్రహీరోలు వెనకబడిపోతారు.

అమాయా సలమాంకా సంగతీ అంతే. హోటల్లో అలీసియాగా ఆ అమ్మాయి కన్నీళ్లకి మనం కరిగిపోయామా? 'వెల్వెట్'లో బార్బరా అని మూతి తిప్పుకునే షావుకారమ్మాయి! మొదట్లో నాకు మింగుడు పడలేదు గానీ, నిజం చెప్పాలంటే ఆవిడకి మంచితనం కంటే మూతి తిప్పడమే బాగా నప్పింది. హోటల్లో కోంచాగారి కొడుకు ఆంద్రేస్‌గా పళ్లేలు మోసిన యోరెన్స్ గొన్సాలెస్ అదే 'వెల్వెట్'లో హోనాస్. అలీసియా అన్న హవియేర్ తాగి తూలేవాడు, గుర్తుందా? ఎలోయ్ అసొరిన్. అతనే 'హై సీస్'లో ఓడ యజమాని. పెద్రో అల్మొదోవార్ 1999లో తీసిన 'ఆల్ అబౌట్ మై మదర్'లో ఆ తల్లికి కొడుకుగా చేసిన కుర్రాడు కూడా ఇతనే.

ఇక హోసే సక్రిస్తాన్‌గారు. 'వెల్వెట్'లో పనివాళ్లందరికీ పెద్దదిక్కు దోన్ ఎమీలియో, హీరోయిన్‌కి మేనమామ వరస. 'హై సీస్'లో హీరోయిన్లయిన అక్కచెల్లెళ్లకి బాబాయి. ఎవరో ఒక ఆడపిల్లని కనిపెట్టుకుని ఉండటమే ఆయన ఉద్యోగం అనిపిస్తుంది. 1937లో పుట్టారు, 2022లో వాళ్ల సినిమా అవార్డులు, గోయాల వాళ్లు గౌరవ పురస్కారం ఇచ్చి దణ్ణం పెట్టారు. బావిలోంచి వచ్చినట్టుండే ఆ గొంతు కోసమే నేను 'వెల్వెట్' చివరిదాకా చూశాను. కథ కోసం అయితే ఎప్పుడో ఆపేద్దును.

ఇంకో కారణం కూడా ఉందండి. స్పెయిన్‌లో ఒక్కో ఎపిసోడ్ గంటా పది నిమిషాల పైమాటే తీసేవారు, వారానికొకటి. విదేశాలకి అమ్మేటప్పుడు ముక్కలు చేసి ముప్పావు గంటకి తెచ్చారు. అందుకే మనం చూసే 'గ్రాండ్ హోటల్' ఎపిసోడ్లు కొన్ని మాట మధ్యలో తుంచినట్టు ఆగిపోతాయి. వారానికి అంత కథ తీయాలంటే కొత్తవాళ్లకి పాఠాలు చెబుతూ కూర్చోలేరు. కోటు వేసుకుంటే కోటు మనిషిలా, గౌను వేసుకుంటే గౌను కాలం మనిషిలా నడిచేవాళ్లు కావాలి. అలా నడవగలిగినవాడికి సెలవు ఎందుకిస్తారు?

ప్రశ్న: ఆంటీ, మీరు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో చేసేవారట కదా. 'కేబుల్ గర్ల్స్'లో చూపించేదంతా నిజమేనా? మీరూ అలాగే అందరి మాటలూ వినేవారా?
– కాల్ సెంటర్ ఉద్యోగిని, సొంతూరు ముమ్మిడివరం

జవాబు: ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని ఎదురుచూస్తున్నాను.

నేను చేరినప్పుడు మా చిన్న ఎక్స్ఛేంజ్‌లో ఉన్నది మాగ్నెటో బోర్డు. అవతలివాళ్లు ఫోను పక్కనున్న పిడి గిరగిరా తిప్పితే, బోర్డు మీద వాళ్ల నంబరు దగ్గర చిన్న రేకు మూత టప్పున కిందపడేది. పడిన చోట ప్లగ్గు పెట్టి 'నంబర్ ప్లీజ్' అనాలి. వాళ్లు అడిగిన నంబరులో జత ప్లగ్గు పెట్టి రింగు ఇవ్వాలి. పడిన మూతని వేలితో మళ్లీ ఎత్తి పెట్టాలి, లేకపోతే ఆ ఇంటివాళ్లు ఇంకోసారి పిడి తిప్పినా మనకి తెలియదు. కొత్తగా వచ్చిన పిల్లలు తీగ పట్టుకుని లాగేసేవారు. మా సూపర్‌వైజరమ్మ వేళ్ల మీద కొట్టేది. ప్లగ్గు మొదలు పట్టుకునే తీయాలి, తీగ లాగితే లోపల తెగుతుంది. కాబట్టి ఆ సీరియల్ చూస్తున్నప్పుడు నా కళ్లు ముందు చేతుల మీదకి పోయాయి. పర్లేదు, వీపు నిటారుగా పెట్టడం, తలకి హెడ్‌సెట్ ఉన్నప్పుడు మెడ తిప్పే తీరు నేర్పించారు. కానీ ప్లగ్గు పెడుతూ పక్కపిల్లతో ప్రేమకబుర్లు చెప్పడమా! అంత తీరికుంటే మేమూ ఒక్కొక్కరం ఒక్కో సీరియల్ అయ్యుండేవాళ్లం.

మాటలు వినడం సంగతి. వినకూడదు, అది నియమం. వినక తప్పదు, అది పని. లైను బతికుందో చచ్చిందో తెలియాలంటే మధ్యమధ్యలో కీ తెరిచి 'మాట్లాడుతున్నారా?' అనాలి కదా. కొబ్బరి మట్ట తీగల మీద పడిన రోజైతే రెండు లైన్ల మాటలు కలిసిపోయేవి. ఒక పక్క పెళ్లి సంబంధం, ఇంకో పక్క ఎరువుల బస్తాలు. ఆ గందరగోళాన్ని ఏ సీరియల్ వాళ్లూ తీయలేదు, నాకదే లోటు.

కథ 1928లో మొదలవుతుంది. వాళ్ల టెలిఫోన్ కంపెనీ నిజంగానే 1924లో పుట్టింది. మాడ్రిడ్ గ్రాన్ వియా వీధిలో ఆ ఎత్తైన మేడ ఇప్పటికీ ఉంది. పెళ్లైతే ఆపరేటరు ఉద్యోగం వదులుకోవాల్సి రావడం కూడా అక్కడ జరిగినదే, కథ కోసం కల్పించింది కాదు. మొదటి సీజన్లో ఆటోమేటిక్ యంత్రం వస్తోంది, మన పొట్ట కొడుతుంది అని ఆ ఆడపిల్లలు భయపడతారు చూశావా? ఆ భయం నాకు బాగా తెలుసు. స్పెయిన్‌లో చిట్టచివరి చేతి బోర్డు గ్రనాదా ప్రాంతంలోని పొలోపోస్ అనే పల్లెలో 1988 దాకా నడిచింది. అంటే ఆ లెక్కన సీరియల్ హీరోయిన్ లీదియా మనవరాలి వయసు పిల్లలు కూడా ప్లగ్గులు పెట్టారన్నమాట.

ఇంకొకటి. ఈ నటుల్ని అంత తొందరగా ఎలా పోలుస్తారని చాలామంది అడిగారు గనుక ఇక్కడే చెప్పేస్తాను. మాకు ముఖాలు ఉండేవి కాదమ్మా, గొంతులే. అంబాజీపేట కొబ్బరి షావుకార్లు బొంబాయికి వెంటనే కలపాల్సిన లైట్నింగ్ కాల్ బుక్ చేసేవారు, మామూలు కాల్‌కి ఎనిమిది రెట్లు ఖరీదు. పేరు చెప్పేలోపే ఎవరో తెలిసిపోయేది. ఒకాయన హలో అనబోయే ముందు ముక్కుతో గట్టిగా గాలి పీల్చేవాడు. ఇంకొకాయన నంబరులో సున్నా దగ్గర ఆగేవాడు. అలవాటు పోలేదు. తెర మీద విగ్గులు మారతాయి, మీసాలొస్తాయి పోతాయి, రెండొందల ఏళ్లు వెనక్కీ ముందుకీ వెళ్తారు. ఊపిరి ఎక్కడ తీస్తారో అది మాత్రం మారదు. లీదియా వేసిన బ్లాంకా స్వారెస్ అబద్ధం చెప్పే సీన్ ఎప్పుడొచ్చినా మాటకి ముందు చిన్న ఊపిరి వినిపిస్తుంది. 'కేబుల్ గర్ల్స్'లో ఒకటి పెట్టుకుని విను. తర్వాత 'కార్లోస్, రేయ్ ఎంపెరదోర్' అని 2015 నాటి సీరియల్లో ఆవిడే చక్రవర్తి భార్య, పోర్చుగల్ రాకుమారి ఇసబెల్. పట్టు గౌనులో కూడా అదే ఊపిరి.

ప్రశ్న: అక్కా, మాది నరసాపురం పక్కన. చిన్నప్పట్నుంచీ లేసు అల్లుతున్నాను. సీరియల్లో నాకు కథ కంటే కాలర్లు కనిపిస్తాయి. ఒక సీరియల్లో చూసిన కోటునే ఇంకోదాంట్లో వెనకాల నడిచిపోయే మనిషి ఒంటి మీద చూశాను. మా అమ్మాయి నవ్వుతోంది. నా కళ్లదే తప్పా?
– లేసు అల్లే చెయ్యి

జవాబు: మీ అమ్మాయిని నవ్వుకోనివ్వండి, మీరు చూసింది జరిగే పనే. పాతకాలం బట్టలన్నీ ప్రతి సీరియల్‌కీ కొత్తగా కుట్టరు. ముఖ్య పాత్రలకి కుట్టిస్తారు, వెనకాల నడిచే జనానికి అద్దెకి తెస్తారు. అక్కడ ఈ అద్దె కొట్లు చిన్నవి కావు. పెరిస్ అనే సంస్థ 1856లో వలెన్సియాలో మొదలైంది, ఇప్పుడు ప్రపంచం నలుమూలల సినిమాలకి బట్టలు పంపుతుంది. మాడ్రిడ్‌లో కోర్నెహో అని ఇంకొకటి, అదీ దాదాపు వందేళ్ల నాటిది. తిరిగొచ్చిన కోటుకి కాలరు మార్చి, గుండీలు మార్చి, చేతులు కొంచెం కత్తిరించి మళ్లీ పంపుతారు. కాలరు కొత్తదైనా కోటు వెనక కుట్టు ఎక్కడికి పోతుంది? మీలాంటివాళ్లు దాన్నే పట్టుకుంటారు. అయితే ఏ కాలం బట్ట ఆ కాలంలోనే తిరగాలి. 1905 నాటి 'గ్రాండ్ హోటల్' గౌను తెచ్చి 1950ల 'వెల్వెట్'లో వేస్తే మీరు ఊరుకుంటారా?

లేసు పని తెలిసినవాళ్లు 'ది టైమ్ ఇన్ బిట్వీన్' చూడాలి. మాడ్రిడ్‌లో బట్టలు కుట్టుకునే పిల్ల మొరాకోలోని తెతువాన్ చేరి, అక్కడ పెద్దింటి ఆడవాళ్లకి గౌనులు కుడుతూ కుడుతూ గూఢచారి అవుతుంది. మరియా దుయెన్యాస్ నవల, హీరోయిన్ అద్రియానా ఉగార్తే. ఆ అమ్మాయి సూది పట్టుకునే తీరు మీద మీ తీర్పు నాకు రాసి పంపండి, నాకు కుట్టు రాదు.

ప్రశ్న: మేడమ్, రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా. ఏరేటర్లు ఆగకుండా చూసుకుంటూ ఫోన్లో సీరియల్స్ చూస్తాను. 'కేథడ్రల్ ఆఫ్ ది సీ' హీరో అచ్చం 'గ్రాండ్ హోటల్' హీరోకి అన్నలా ఉన్నాడేంటండి?
– భీమవరం దగ్గర

జవాబు: అన్నే కాబట్టి, బాబూ!

హోటల్లో తప్పిపోయిన అక్కని వెతుక్కుంటూ వెయిటరుగా చేరిన హూలియో, యోన్ గొన్సాలెస్. చర్చి కట్టడానికి రాళ్లు మోసే అర్నావు, ఐతోర్ లూనా. సొంత అన్నదమ్ములు, బాస్క్ ప్రాంతం వాళ్లు. వాళ్ల పద్ధతిలో మనిషికి రెండు ఇంటిపేర్లు, ఒకటి నాన్నది, ఒకటి అమ్మది. ఇద్దరూ గొన్సాలెస్ లూనాలే. తమ్ముడు నాన్న పేరు వాడుకున్నాడు, అన్న అమ్మ పేరు. అందుకే పేర్లు చూసి ఎవరూ కనిపెట్టలేరు, చెరువు గట్టు మీద కూర్చుని నువ్వు కనిపెట్టావు.

ఈ చుట్టరికాల చిట్టా తిరగేస్తే మన పెళ్లిళ్లలో పెద్దమ్మలకి కూడా అందదు. 'వెల్వెట్'లో క్రిస్తీనా వేసిన మాన్యువేలా వెలాస్కో, కోంచా వెలాస్కోగారికి మేనకోడలు. అద్రియానా ఒసోరెస్ నాన్న హోసే లూయిస్ ఒసోరెస్ పాతతరం హాస్యనటుడు, బాబాయి మరియానో ఒసోరెస్ దర్శకుడు. 'ఇసబెల్' అనే రాణిగారి సీరియల్లో రాజు ఫెర్నాండో వేసిన రొదోల్ఫో సాంచో ఎవరి కొడుకనుకున్నావు? సాంచో గ్రాసియా. 1976లో మొదలైన 'కుర్రో హిమేనెస్'లో గుర్రమెక్కిన బందిపోటుగా ఊరూరా పేరు తెచ్చుకున్న మనిషి. కొడుకు కిరీటం పెట్టుకున్నాడు, తండ్రి కిరీటం వాళ్లని దోచుకున్నాడు. మన సురభి నాటక సమాజాల్లో ఇంటిల్లిపాదీ వేషాలు కట్టడం చూసినవాళ్లకి ఇదేం వింత కాదులే.

'కేబుల్ గర్ల్స్'లో యోన్, మార్తీన్యో రివాస్, బ్లాంకా స్వారెస్ ముగ్గురి మధ్య ప్రేమ గోల ఉంది కదా. ఆ ముగ్గురూ అంతకు పదేళ్ల ముందు 'ఎల్ ఇంతెర్నాదో' అనే హాస్టల్ సీరియల్లో కలిసి చదువుకున్న పిల్లలు. పాతకాలం కథ కాదది, దెయ్యాల మేడ లాంటి బడి. ఇప్పుడు హాలీవుడ్‌లో వెలుగుతున్న ఆనా దె ఆర్మాస్ కూడా ఆ బడి పిల్లే. రాత్రి కాపలావాడికి అది వద్దులే, చెరువు మధ్యలో ఏదో చప్పుడైతే నువ్వు ఏరేటరు వదిలేసి పారిపోతావు.

ప్రశ్న: చరిత్ర పాఠం చెప్పేవాణ్ణి. ఇసబెల్ మహారాణి వేషం వేసిన ఆవిడ వంటమనిషి వేషం వేయడం నాకు మనసొప్పలేదు. రాణి రాణిలాగే ఉండాలి కదా?
– ఒక మాస్టారు, మండపేట

జవాబు: మాస్టారూ, మీరు మిచెల్ జెన్నర్‌కి 1492లో గ్రనాదా అప్పజెప్పి అక్కడే ఉండమంటున్నారు. ఆవిడకీ బతుకుతెరువు కావాలిగా! 'ఇసబెల్' 2012 నుంచి 2014 వరకు మూడు సీజన్లు. ఆ తర్వాత 2018లో వచ్చిన 'కేథడ్రల్ ఆఫ్ ది సీ'లో మార్ అనే పిల్ల, 2021లో 'ది కుక్ ఆఫ్ కాస్తమార్'లో వంటమనిషి క్లారా. నాకు రాణి కంటే క్లారాయే నచ్చింది. తండ్రి పోయాక ఆరుబయట అడుగు పెట్టాలంటే గుండె దడదడలాడే పిల్ల. ఆకాశం కనబడితే చాలు, గోడ పట్టుకుంటుంది. అదే మనిషి వంటింట్లోకి వచ్చి చాకు పట్టుకుంటే సైన్యాధిపతిలా ఉంటుంది. రాణి వేషానికి సగం పని కిరీటమే చేసిపెడుతుంది, ఈ వేషానికి ఆ సాయం లేదు.

మీ మనసు కుదుటపడటానికి ఒక మందుంది. 'ది మినిస్ట్రీ ఆఫ్ టైమ్' చూడండి. ప్రభుత్వం వారి ఆఫీసులో నేలమాళిగలో తలుపులు, ఒక్కో తలుపు తీస్తే ఒక్కో శతాబ్దం. రాణిగారి మొగుడు వేషం వేసిన రొదోల్ఫో సాంచో అందులో ఈ కాలపు అంబులెన్సు మనిషి. ఒక ఎపిసోడ్లో ఇసబెల్ రాణి రావాల్సి వస్తే ఎవరిని పిలిచారనుకున్నారు? మిచెల్ జెన్నర్‌నే. ఒక సీరియల్ రాణి ఇంకో సీరియల్లోకి రాణిగానే నడిచొచ్చింది. మీ క్లాసు పిల్లలకి చెప్పాల్సింది ఇంకోటి, హ్యారీ పాటర్ సినిమాల స్పెయిన్ డబ్బింగ్‌లో హెర్మయోనీ గొంతు ఈవిడదే. ఆ సినిమాలు చూస్తూ పెరిగిన పిల్లలు రాణి నోరు తెరవగానే ఎక్కడో విన్నామే అనుకుని ఉంటారు.

ప్రశ్న: దోన్యా తెరేసాని మా ఇంట్లో స్పానిష్ సూర్యకాంతం అంటున్నాం. సరేనా?
– కాకినాడ

జవాబు: సరికాదు. సూర్యకాంతమ్మగారు మీ కాకినాడ పక్క మనిషి, మీరే అలా అంటే ఎలా? ఆవిడ ఎడమచెయ్యి తిప్పి తిట్టినా మనకి నవ్వొచ్చేది. దోన్యా తెరేసా నవ్వితే మనకి భయమేస్తుంది.

ప్రశ్న: వీటిల్లో ఏది ముందు చూడాలి వదినా? డేటా తక్కువ, ఓపిక ఇంకా తక్కువ.
– పాలకొల్లు

జవాబు: 'గ్రాండ్ హోటల్' దొరికితే అదే. ఈ సీరియల్స్ ఒక యాప్‌లో ఇవాళ ఉంటాయి, రేపు ఉండవు, దొరికినప్పుడే పట్టుకో. ఆ హోటల్లో పరిచయమైనవాళ్లే తర్వాత అన్నిట్లోనూ ఎదురవుతారు గనుక మొదలు అక్కడే పెట్టాలి. బయటి నుంచి చూపించే మేడ సాంతాందేర్‌లో సముద్రం ఒడ్డున ఉన్న మాగ్దలేనా కోట. రాజుగారి వేసవి విడిది కోసం కట్టారు. కథ 1905లో మొదలవుతుంది గానీ అప్పటికి ఆ మేడకి పునాది కూడా పడలేదు. నువ్వు పట్టించుకోకు, అలాంటివన్నీ మా మండపేట మాస్టారు చూసుకుంటారు.

రెండోది 'కేబుల్ గర్ల్స్'. మొదటి రెండు సీజన్లు హాయిగా ఉంటాయి, పోనుపోను చావులెక్కువ, చివరికి అంతర్యుద్ధంలోకి వెళ్లిపోతుంది. 'హై సీస్' వర్షం పడే ఆదివారానికి పనికొస్తుంది, అంతకు మించి ఆశించకు. 'వెల్వెట్' పొడుగు. ఓపిక తక్కువన్నావు కాబట్టి దాని జోలికి వెళ్లకు. సబ్‌టైటిల్స్ చదువుతుంటే పొయ్యి మీద పులుసు మాడుతుందని భయమైతే, వంటయ్యాకే పెట్టు.

ప్రశ్న: అమ్మాయ్, నాకు ఎనభై దాటాయి. మన సీరియల్స్ ఏళ్ల తరబడి సాగదీస్తారని మా కోడలు వెక్కిరిస్తుంది, తను మాత్రం విదేశాలవి చూస్తుంది. వాళ్లు సాగదీయరా?
– మామ్మ, రాజోలు

జవాబు: సాగదీయకేం మామ్మగారూ! మీ కోడలు చూసేవి వారానికొకటి వచ్చిన రకం. రోజూ వచ్చే రకం వేరే ఉంది, మధ్యాహ్నం భోజనాలయ్యాక వేస్తారు, మనలాంటివాళ్ల కోసమే. 'పుయెంతే వియెహో' 2011లో మొదలై 2020లో ఆగింది, రెండు వేల మూడొందల ఎపిసోడ్ల పైనే. అందులో ఊరి పెత్తనం చేసే దోన్యా ఫ్రాన్సిస్కా అని ఒక మహాతల్లి ఉంది, మరియా బౌసాస్ వేసింది. ఆవిడ ముందు మన విలన్ అత్తలు పసిపిల్లలు. 'లా ప్రోమేసా' అని 2023లో మొదలైనది ఒకటుంది. పెద్దిల్లు, కింద పనివాళ్లు, పైన దొరలు. దానికి 2024లో అంతర్జాతీయ ఎమ్మీ అనే టీవీ అవార్డు కూడా వచ్చింది. రోజువారీ సీరియల్ కదా అని చిన్నచూపు చూడకూడదు.

అన్నిటికీ తాత 'అమార్ ఎన్ తియెంపోస్ రెవువెల్తోస్'. 2005లో ఒక చానల్లో మొదలైంది. 2013లో పేరు కొంచెం మార్చుకుని ఇంకో చానల్‌కి వెళ్లిపోయింది, 2024లో గానీ ఆపలేదు. స్పెయిన్ అంతర్యుద్ధం రోజుల్లో మొదలైన కథ ఏళ్లు జరుగుతూ జరుగుతూ దశాబ్దాలు దాటేసింది. హీరోహీరోయిన్లు ఏడాదికోసారి మారిపోతారు. ఆ వీధి మొగలో 'ఎల్ అస్తూరియానో' అనే బారు మాత్రం ఉంటుంది, అందులో మార్సెలీనో ఉంటాడు. మాన్యుయేల్ బకెయిరో అనే నటుడు. మొదటి ఏడాది నుంచి చివరి ఏడాది దాకా ఆ బల్ల వెనకాలే నిలబడి కాఫీలు పోశాడు, పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని పెంచాడు, జుట్టు నెరిపించుకున్నాడు. మీ కోడలు ఈసారి వెక్కిరిస్తే ఈ కాగితం చూపించండి. దీనికి సబ్‌టైటిల్స్ దొరకడం కష్టం, కాబట్టి తను చూడలేదు, మీరే గెలిచారు.